వర్షకు ఇయ్యని గోలి

తెలకపల్లి,
ఆదివారం.

చి.ల.సౌ. నిరోషకు,

శివశంకర్ రాస్తున్న. నేను, అమ్మ బాగనే ఉన్నం. మస్కట్ల నువ్వు గూడ పాణం మంచిగ చూసుకుంటున్నవనుకుంట. జములమ్మ సెలవులైపోయి మళ్ల అక్కడికే వస్తున్నదని ఆమె చేతికి ఈ కాయితం ఇచ్చిన. ఫోన్ల మాట్లాడేటప్పుడు వర్ష పక్కనే ఉంటది. ఈ మాటలు దాని ముందర చెప్పలేను.

పత్తి సంగతి అడిగినవ్. రెండో ఏరుడు నడుస్తున్నది. వానకు కాయ నల్లవడ్డది, సగం అక్కరకు రాలే. అమ్మ మోకాలి నొప్పి అట్లనే ఉన్నది.

చేప నూనె గోలీలు పనిచేస్తున్నయా అని గూడ అడిగినవ్. నువ్వు పంపిన డబ్బ అయిపోయింది. వర్ష వాటిని నమిలి, "నాయినా, నోరంత చెరువు వాసన" అని నవ్వేది. పాలమూరు డాక్టరమ్మ మాట యాదుందా? "నూనె గోలీలు కావాలంటే ఇయ్యుండ్రి, జర ఆసరా అయితే అయితది. పిల్ల కుదురుకు నేను రాసిన పొద్దుగాల గోలి మాత్రం నన్నడగకుండ ఆపొద్దు" అన్నది.

నేను ఆపిన, నిరోషా. నాలుగు నెలలైంది. నువ్వడిగినప్పుడల్లా ఇస్తున్న అని అబద్ధం చెప్పిన.

గోలి ఏసుకున్న దినాలు అది బడిల కుదురుగ కూసునేది, లెక్కలు చేసేది. కానీ మధ్యాహ్నం అన్నం ముట్టకపోయేది. చేతులు సన్నగైనయి. "పిల్లకు మత్తుమందు పెడుతున్నవురా" అని అమ్మ ఏడ్చింది. నాకూ భయమైంది. ఇంకొకటి గూడ ఉన్నది. నువ్వు లేని ఇంట్ల దాని లొల్లి గూడ లేకపోతే నాకు గుబులయ్యేది. డాక్టరమ్మకు ఫోన్ జేస్తే ఆకలికి ఏదన్న దారి చెప్పేదే. చెయ్యలే. నూనె గోలి చాలనుకున్న.

పోయిన మంగళారం పరీక్ష మధ్యల వర్ష క్లాసుల నుంచి బయటికి ఉరికింది. గేటు అవతల మేకపిల్ల ఒర్రుతుండెనట. అటు ఇటు చూడకుండ రోడ్డెక్కింది. మోటర్ సైకిల్ గుద్దింది. కుడి చెయ్యి రెండు చోట్ల ఇరిగింది. నాగర్‌కర్నూల్ దవాఖానల కట్టు కట్టిండ్రు, నిన్న ఇంటికి తెచ్చినం. పాణానికి భయం లేదు. కానీ మోచెయ్యి మునుపటి లెక్క చాపొస్తదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నరు.

దవాఖానల మంచం మీద పండుకొని నన్ను మెల్లగ అడిగింది: "నాయినా, ఆ పొద్దుగాల గోలి మళ్ల ఇయ్యవా? అది ఏసుకుంటే కాళ్లు నా మాట ఇంటుండె."

నేను బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ జేసిన.

ఆమెకు అంత చెప్పిన. తిట్టలే. తిడితే బాగుండు. బుధారం తీసుకరమ్మన్నది. చూసి, తక్కువ మోతాదు నుంచి మళ్ల మొదలుపెడతదట.

ఈ వారం ఫోన్ల వర్ష నీకు మొకం ఒక్కటే చూపించింది. "చెయ్యి కనపడనియ్యకు బిడ్డా, అమ్మ పరేషానైతది" అని నేనే చెప్పిన. నా అబద్ధం దానికి గూడ నేర్పిన. ఇది చదివినంక ఫోన్ జెయ్యి. నన్ను తర్వాత తిడుదువు గాని, ముందుగాల దానితోటి మాట్లాడు. చెయ్యి చూపియ్యమని నేనే చెప్త.

ఇట్లు,
వర్ష నాయిన,
శివశంకర్