పన్నెండు నల్ల ముసుగులు

చిరంజీవి అబ్బాయికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వూ వేళకు తిని బాగున్నావనే అనుకుంటున్నాను.

నా కన్ను సంగతి అడిగావు. ఆపరేషనయ్యాక సూదిలో దారం మొదటిసారికే ఎక్కుతోంది. మీ నాన్న రిటైరయ్యాక ప్రార్థనా మందిరంలో కుర్చీలు సర్దే పని పెట్టుకున్నారు. ఇంట్లో తిన్న కంచం తీయని మనిషి అక్కడ వంద కుర్చీలు తుడుస్తారు. పుణ్యం ఎక్కడ దొరికితే అక్కడే కదా.

నువ్వు తీసిన సినిమా నచ్చలేదా అని అడిగావు. నువ్వు కుట్టి పంపమన్న ముసుగులు ఏ నాటకానికో అనుకుని, జాకెట్లకు వాడగా మిగిలిన నల్ల లైనింగు గుడ్డతో పన్నెండూ నేనే కుట్టాను. తీరా హాల్లో కూర్చుని చూద్దును కదా, ఆ ముసుగుల ఆడవాళ్ళు పురిటి మంచం చుట్టూ చేరి, ప్రార్థన చేస్తూ నొప్పులు పడుతున్నామె నోరు నొక్కుతున్నారు. వాళ్ళ వేళ్ళ సందుల్లోంచి మగవాడి చొక్కా చేయి మూరలకొద్దీ బయటికొస్తోంది. "ఇదేం చోద్యమమ్మా, తలా తోకా లేదు" అంది పక్కావిడ. నాకు మాత్రం అన్నీ కనిపించాయి. వీడికెవరు చెప్పారా అనుకున్నాను.

సినిమా మళ్ళీ వేయనివ్వకుండా అర్జీ పెట్టిందెవరని అడిగావు. ప్రార్థనను కించపరిచావని రాసింది మందిరం పెద్దలు. మొదటి సంతకం నాది. అందరి ముందూ నన్ను నిలబెట్టి "కన్నకొడుకని కూడా చూడలేదు, తల్లంటే ఈమె" అన్నారు. ఛీ, నా బతుకు.

ఇక దాచను. నిన్ను కనే నొప్పుల్లో దేవుణ్ణి తలుచుకోమని మీ నానమ్మ అరుస్తుంటే, నేనొక మగవాడి పేరు పిలిచాను. పెళ్ళికి ముందు మనసు పడ్డవాడు, మా వాళ్ళు గడప తొక్కనివ్వనివాడు. ఆవిడ నా నోరు నొక్కింది. చెయ్యి తీశాక "బిడ్డకు పెట్టమని దేవుడు చెప్పిన పేరత్తయ్యా" అని బొంకాను. నమ్మారు. పేర్లు ఎప్పుడూ పెద్దలే పెడతారు, ఆ ఒక్కసారి మాత్రం మహిమ అని లెంపలు వేసుకుని నీకు ఆ పేరే పెట్టారు. ముప్పై ఏళ్ళుగా మీ నాన్న ఎదురుగానే దాన్ని నోరారా పిలుచుకుంటున్నాను.

ఆ చొక్కా చేయి నీకు కల్లో కనిపించిందని నీ ఉత్తరంలో చదివాకే, నీకేమీ తెలియదని అర్థమైంది. నా గుట్టు నీకు తెలిసిపోయిందన్న భయంతో అప్పటికే సంతకం పెట్టేశాను. వెనక్కి తీసుకుందామంటే కారణం చెప్పాలి. చెబితే మీ నాన్న ఇక జన్మలో నిన్ను పేరు పెట్టి పిలవరు. అందుకే గమ్మున కూర్చున్నాను. ఈసారి నా నోరు ఎవరూ నొక్కలేదు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ