చేతిలో పోసిన ఇల్లు

3 ఆగస్టు 2003
పుష్కరాల జనం. పెద్దమ్మని ఒక పక్క నేను, ఒక పక్క జగన్నాథరావు గారు పట్టుకుని కొవ్వూరు రేవులోకి దింపాం. ఆయన పెద్దమ్మ మరిది కొడుకు. తణుకు నుంచి కారేసుకొచ్చారు. పెద్దమ్మకి పిల్లల్లేరు. నాది దూరపు వరస. నిడదవోలులో కుట్టుమిషను అమ్మేసి రేవు పక్కనే ఉన్న ఆవిడ ఇంటికొచ్చినదాన్ని.

మోకాళ్ళ లోతులో ఉన్నట్టుండి చెయ్యి పట్టవే అంది. చెంబు జగన్నాథరావు గారి చేతిలో ఉంది. ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి వంచింది. నన్ను చివరిదాకా చూడవే వీరవేణీ, మన ఇల్లు నీకు ధారపోస్తున్నా అంది. పంతులుగారు మంత్రం చదివారు. నీళ్ళు నా వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ గోదాట్లోకే పోయాయి. ఇల్లు ఇంత చల్లగా ఉంటుందా అనిపించింది.

సాయంత్రం 6
చెయ్యి తుడుచుకోబుద్ధి కావడం లేదు.

19 జనవరి 2004
పెద్దమ్మ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్దాం, ఆటో పిలవమంది. వద్దన్నాను. గోదారి సాక్షిగా ఇచ్చాక కాగితం అడిగితే ఆవిణ్ణి నమ్మనట్టు కాదూ? నిజమేలే, ధారపోశాక ఇంకేముంది అంది. మధ్యాహ్నం గోదారి వెలుగు గది కప్పు మీద ఊగుతుంటే ఇద్దరం చూస్తూ పడుకున్నాం.

2 సెప్టెంబరు 2005
పక్షవాతం. గంజి పడుతుంటే నన్ను అమ్మా అంది.

11 నవంబరు 2005
కాఫీ పట్టుకెళ్ళేసరికి పెద్దమ్మ లేదు. గది కప్పు మీద వెలుగు మాత్రం ఊగుతోంది. తలకొరివి జగన్నాథరావు గారే పెట్టారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

6 మార్చి 2006
కోర్టు నోటీసు. చట్టం ప్రకారం వారసుడు జగన్నాథరావు గారేనట, నేను ఖాళీ చెయ్యాలట. మా లాయరు చంద్రరావు గారు కాగితం ఏదమ్మా అన్నారు. నీళ్ళు పోసిందండి అన్నాను. పెన్ను కింద పెట్టేసి, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎలాగమ్మా అన్నారు.

24 జూన్ 2008
ఇవాళ బోనులో జగన్నాథరావు గారు. అబద్ధమాడతారని భయపడ్డాను. ఆడలేదు. అవునండి, ధారపోసింది, చెంబు నేనే పట్టుకున్నాను, ఈవిడ కన్నకూతురి కన్నా బాగా చూసింది అన్నారు. ఏడుపొచ్చింది. గెలిచేశాననుకున్నాను.

జడ్జిగారు రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ ఉందా అని ఒక్కటే అడిగారు. బయటికొచ్చాక చంద్రరావు గారు, ఆయన నిజం చెప్పినా మనకి పనికిరాదమ్మా అన్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక బస్సు వాడితో చిల్లర కోసం దెబ్బలాడాను.

20 నవంబరు 2008
ఓడిపోయాను.

21 నవంబరు
కల. పెద్దమ్మ చెంబు వంచుతోంది. నీళ్ళు పడటం లేదు, కప్పు మీది వెలుగు పడుతోంది. ఎంత పట్టినా చెయ్యి నిండటం లేదు.

18 డిసెంబరు
తాళాలిచ్చేశాను. జగన్నాథరావు గారు పుచ్చుకున్నారు గానీ కదల్లేదు. ఒకరికి ధారపోసిన ఇంట్లో పాలు పొంగించనని వాళ్ళావిడ భీష్మించుకు కూచుందట. రేపు రేవుకొచ్చి ఇల్లు తిరిగి నా చేతిలో ధారపొయ్యమ్మా, నీకేం కావాలన్నా ఇస్తాను అన్నారు. కోర్టు ఇచ్చింది చాల్లేదాండీ అన్నాను. ఆయనకీ నిద్ర పట్టడం లేదట.

నాకు నవ్వొచ్చింది. తర్వాత చాలా సేపు ఏడ్చాను.

19 డిసెంబరు
మంచు. అవతల రాజమండ్రి లేదు, బ్రిడ్జి సగమే ఉంది. ఆయన నీళ్ళలో చెయ్యి చాపి నిలబడ్డారు. చెంబు నిండా ముంచాను.

నేనే తాగేశాను.