నొక్కితే పలకని పుస్తకం

బిలాస్‌పూర్,
జూన్ 3

చిరంజీవి విశ్వనాథానికి బావ సూర్యం దీవించి రాసేది ఏటంటే, ఇక్కడ అందరం కులాసా. అనుమానం తప్ప నాకు వేరే జబ్బు లేదు.

చేతిలో ఫోనుండగా ఉత్తరం ఎందుకేటి అనుకుంటావు. మా రైల్వే క్వార్టరు రెండు గదులు. నేను హలో అంటే చాలు, మీ అక్క కనకమహాలక్ష్మి వంటింట్లోంచి "ఎవరితో?" అంటాది. ఈ సంగతి మీ అక్కకీ, మా భవితకీ వినపడకూడదు. కాగితమైతే చప్పుడు చెయ్యదు. జవాబు కూడా ఇంటికి కాదు, డిపోకి రాయి.

అమ్మాయి బీఎస్సీ అయ్యి ఏడాదయింది. మా ఊరి పక్కన బోద్రీలో ఉన్న హైకోర్టులో టైపిస్టు ఉద్యోగాలు పడ్డాయి. ఫారం తెచ్చాను. జూన్ ముప్పై ఆఖరు. ఇదేమో "నహీ నాన్నా, నేను వెబ్ పేజీలు చేస్తాను. ఊరికే చదివేవి కాదు, నొక్కితే జవాబు చెప్పేవి" అంటాది. ఎవరు నేర్పుతారే అంటే పుస్తకాలు అంటాది. మూడు పుస్తకాలు ముందేసుకుని, మీ అక్క కుట్టుమిషను పక్కన కంప్యూటర్ పెట్టుకుని కూచుంటాది.

నేను ముప్పై ఏళ్లుగా రైలు పెట్టెలు తనిఖీ చేస్తున్నోణ్ణి. సుత్తితో చక్రాన్ని కొడితే, ఆ చప్పుడుకే పగులుందో లేదో చెప్పీగలను. ఈ పుస్తకాల్ని కూడా వేలితో కొట్టి చూశాను. ఒక్కటీ నోరిప్పలేదు.

ఒకటి ఇంగ్లీషుది, తలగడంత ఉంటాది. రెండోది గోల్ బజార్లో పాత పుస్తకాల కొట్టులో దొరికిన హిందీది. మూడోది నువ్వు పంపిన తెలుగుది, 'ముప్పై రోజుల్లో మాట్లాడే పేజీ'. అట్ట మీద ఒకడు కంప్యూటర్ ముందు కూచుని నవ్వుతున్నాడు. పని చేస్తూ నవ్వినోణ్ణి నా సర్వీసులో చూడలేదు. నాకు అక్కడే డౌటొచ్చింది.

నువ్వు పాలిటెక్నిక్‌లో ఇదే పాఠం చెప్తున్నావు కదా. ఈ పుస్తకాలు పట్టుకుంటే నిజంగా పని వస్తాదా, లేకపోతే ఫారం నింపీమంటావా? రెండు ముక్కల్లో చెప్పు.

ఇట్లు,
మీ బావ సూర్యం

తా.క. ఆ తెలుగు పుస్తకం కూడా చదువుతున్నానంటాది. దానికి తెలుగు చదవడమే రాదు. మా ఆంధ్రా సంఘం బోర్డు "ఆం... ధ్రా..." అని కూడబలుక్కునేసరికి మా బస్సు రెండు స్టాపులు దాటిపోతాది.

---

విజయనగరం,
జూన్ 8

పూజ్యులైన బావగారికి విశ్వనాథం నమస్కారాలు.

రెండు ముక్కల్లో చెప్పమన్నారు. సర్వీసు ఇరవై ఏళ్లకి దగ్గరపడిన లెక్చరర్ని, నావల్ల కాదు.

ఇంగ్లీషుది గొప్ప పుస్తకమే. అందులో అన్నీ ఉంటాయి, అందుకే మనకి కావలసింది దొరకదు. హిందీది బాగా పాతది. దాన్ని చూసి చేసిన పేజీ, తాతగారి లాల్చీ తొడుక్కుని పెళ్లికి వెళ్లినట్టు ఉంటుంది. తెలుగు పుస్తకం మాత్రం చాలా మంచిది. రాసినాయన పేరు 'విద్యాభిక్షు'. మంచి అనుభవం ఉన్న మనిషని విన్నాను. బటన్ల మీద ఐదో అధ్యాయం ఉంది చూడండి, చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి.

తొందరపడి ఫారం నింపకండి. మన భవిత తెలివైన పిల్ల. మంచి పుస్తకం చేతిలో ఉంది. ఇంక అడ్డేముంది?

ఇట్లు,
మీ బావమరిది విశ్వనాథం

తా.క. ఆ తెలుగు పుస్తకం గురించి అమ్మాయి ఏమైనా అందా? ఊరికే అడుగుతున్నాను.

మళ్లీ తా.క. మంచిగా అందా?

---

బిలాస్‌పూర్,
జూన్ 13

చిరంజీవి విశ్వనాథానికి బావ దీవించి రాసేది.

కళ్లు చెమరుస్తాయన్నావు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది.

మొన్నాదివారం తల్లీకూతుళ్లు గోల్ బజారు వెళ్లారు. నేను నీ తెలుగు పుస్తకం తీసి చూశాను. ఒరే విశ్వనాథం, నిండా ఎర్ర పెన్సిల్‌తో క్రాసులు! వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై ఏడు. మా ఊరి బళ్లో ఎర్రయ్య మేస్టారు నా పలక మీద ఇలాగే పెట్టీవోరు. నాకు మూడు క్రాసులు పడితేనే మా అయ్య "ఇంక గేదెల్ని కాయి" అన్నాడు. దీనికి ముప్పై ఏడు పడ్డాయి!

అయినా తొందరపడలేదు. సాయంత్రం దాన్ని పిలిచి "ఏదీ, ఒక పేజీ చేసి చూపించు" అన్నాను. నీ పుస్తకంలో నూటపన్నెండో పేజీ చూసి, ఉన్నదున్నట్టు దించింది. కంప్యూటర్లో ఒక బటన్ వచ్చింది, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో "నమస్కారం చెప్పు" అని ఉంది. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. మా డిపోలో చెడిపోయిన స్విచ్చి కూడా టిక్కుమంటాది, ఇది అదీ అనలేదు. పలకనందుకు పిల్ల ఏడవాలా వద్దా? పకపకా నవ్వి "దేఖా నాన్నా? ఫిర్ గల్తీ!" అంటాది. తప్పొచ్చిందని సంబరపడేవాళ్లని ఎక్కడైనా చూశావేటి?

ఆ తరవాత గొంతు తగ్గించి "మావయ్యకి మాత్రం చెప్పకు, పాపం బాధపడతాడు" అంది. తను ఫెయిలైందని నీకు తెలిస్తే బాధపడతావని కాబోలు. నువ్వు పడితే పడు, నేను చెప్పీస్తున్నాను. దీనికి ఈ విద్య రాదు. ఫారం బయటికి తీశాను.

ఇట్లు,
మీ బావ సూర్యం

తా.క. నూటనలభయ్యో పేజీలో ఉదాహరణకి ఒక బావగారున్నాడు. పెట్టెకి తాళం వేసి, ఆ తాళం సరిగ్గా పడిందో లేదోనని దానికి ఇంకో తాళం వేస్తాడు. ఆయన అడిగే ప్రశ్నలకి 'అవును', 'కాదు' బటన్లు నొక్కాలట. ఆ పుస్తకం మొత్తంలో బుర్ర ఉన్న మనిషి ఆయనొక్కడే.

---

విజయనగరం,
జూన్ 17

బావగారికి నమస్కారాలు.

క్రాసులు ఏ ఏ పేజీల్లో ఉన్నాయో నెంబర్లు వరసగా రాసి పంపండి. ఒక్కటీ వదలొద్దు. నూటపన్నెండు మీద ఒక క్రాసా, రెండా?

అమ్మాయి దించడంలో ఎక్కడో చుక్క మరిచి ఉంటుంది. కంప్యూటర్‌కి చుక్క ముఖ్యం. పుస్తకంలో తప్పుండే ప్రశ్నే లేదు. పదకొండేళ్లుగా మా పిల్లలు అవే పాఠాలు రికార్డుల్లో రాస్తున్నారు. నేనే సంతకాలు పెడుతున్నాను. ఇంతవరకూ ఒక్కడూ బటన్ పలకలేదని అనలేదు.

ఫారం మాత్రం పంపకండి. పిల్లని కోప్పడకండి. నెంబర్లు మరిచిపోకండి.

ఇట్లు,
విశ్వనాథం

తా.క. నూటనలభయ్యో పేజీలోని బావగారు పూర్తిగా కల్పితం. ఎవరినీ ఉద్దేశించి రాసింది కాదు. అని విన్నాను.

---

బిలాస్‌పూర్,
జూన్ 22

విశ్వనాథానికి సూర్యం రాసేది. దీవెనలు ఈ ఉత్తరం ఆఖర్న ఆలోచిస్తాను.

ఫారంలో ఒక గడి అర్థం కాక, అడుగుదామని బోద్రీ బస్సెక్కాను. పక్కన నల్లకోటు ప్లీడరు కూచున్నాడు. మాటల్లో "నేరం చేసినోణ్ణి ఎలా పోల్చుతారండీ?" అనడిగాను. "సీధీ బాత్ హై. చెయ్యనివాడు 'ఎవరు చేశారు?' అంటాడు. చేసినవాడు 'ఏం దొరికింది?' అంటాడు" అన్నాడు. నా జేబులో నీ ఉత్తరం ఉంది. నువ్వు ఏమడిగావో ఒకసారి చూసుకో.

ఇంకోటి. ఆ పుస్తకం లోపల పోయినేడాదే మొదటి అచ్చు అని ఉన్నాది. మీ పిల్లలు పదకొండేళ్లుగా ఎలాగ రాస్తున్నారురా? ఆ విద్యాభిక్షు నీ దోస్తేటి? ఎవరూ కొనక గదిలో మూలుగుతుంటే మా అమ్మాయికి అంటగట్టీసావా?

నెంబర్లు కావాలన్నావు కదా, వెనకాల రాశాను. డిపోలో తనిఖీ చీటీ రాసినట్టే రాశాను, ఒక్కటీ పోదు.

ఫారం నింపీసాను. నిన్న అమ్మాయిని సంతకం పెట్టమన్నాను. వాదిస్తాదేమో, జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూచున్నాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది. "నీ ఇష్టం నాన్నా" అని పెట్టీసింది. ఆ కంప్యూటర్ మీద వాళ్లమ్మ పాత చీర తెచ్చి కప్పీసింది. నొక్కితే పలికే పేజీ సంగతి దేవుడెరుగు, నొక్కకపోయినా పలికే పిల్ల పలకడం మానీసింది.

ఆఖరి తేదీ ముప్పై. ఫారం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నీ దగ్గర నిజం ఏదైనా ఉంటే ఈలోగా పంపు.

ఇట్లు,
ఇంకా నీ బావనే అయిన సూర్యం

తా.క. మీ అక్క కూడా నాతో మాటాడ్డం లేదు. ఎందుకేటి అనడిగాను. మాటాడ్డం మానీసినోళ్లని కారణం అడిగితే ఎలాగ చెప్తారు, నా పిచ్చి గాని.

---

విజయనగరం,
జూన్ 26 (స్పీడ్ పోస్టు)

బావగారి పాదాలకు నమస్కరించి విశ్వనాథం రాసేది.

ఆ విద్యాభిక్షు నేనే.

కోపం తరవాత పడండి, ముందు మిగతాది చదవండి. మీరు రాసిన ముప్పై ఏడు పేజీలూ రెండు రోజులు కూర్చుని కంప్యూటర్లో కొట్టి చూశాను. నా జీవితంలో ఆ పని చెయ్యడం ఇదే మొదలు. ముప్పై ఏడూ పలకలేదు బావగారూ! నూటపన్నెండులో అయితే, బటన్ పిలిచేది ఒకర్ని, లోపల నేను కూర్చోబెట్టింది ఇంకొకర్ని. ఇంక ఎవరు పలుకుతారు?

పదకొండేళ్లు నేను బోర్డు మీద రాశాను, పిల్లలు రికార్డుల్లో దించారు, పరీక్షలో మళ్లీ కాగితం మీదే రాశారు, నేను మార్కులేశాను. కాగితం మీద బటన్ గీస్తే ఎవరు నొక్కి చూస్తారు? ఆ నోట్సే పోయినేడాది అచ్చు వేయించి పుస్తకం చేశాను.

నిన్న భవితకి ఫోన్ చేసి, పుస్తకం నాదేనని ఒప్పుకుని అడిగాను, ఇన్ని తప్పులు ఎలా పట్టావే అని. "మావయ్యా, నాకు తెలుగు చదవడం రాదు కదా. మీరు రాసిందంతా వదిలేసి, మధ్యలో కంప్యూటర్ కోసం ఇంగ్లీషులో ఉన్న ముక్కలే కొట్టి చూశాను" అంది. ప్రతి ముక్క కిందా నేను "ఇప్పుడు నొక్కండి, చక్కగా పలుకుతుంది" అని రాశాను. తెలుగు వచ్చినవాళ్లందరూ నా మాట నమ్మి పేజీ తిప్పేశారు. చదవలేని పిల్ల ఒక్కతే నిజంగా నొక్కింది.

ఆ క్రాసులు అమ్మాయికి పడినవి కావు, పుస్తకానికి పడినవి. బళ్లో క్రాసు పిల్లాడికి పడుతుంది. మీ డిపోలో ఎవరికి పడుతుంది? చెడిపోయిన పెట్టెకా, పరీక్ష చేసినాయనకా? ముప్పై ఏళ్లు డిపోలో పనిచేసి, మీరింకా ఎర్రయ్య మేస్టారి బళ్లోనే కూర్చున్నారు.

క్రాసు పెట్టి వదల్లేదు, అన్నిటినీ తనే బాగుచేసుకుందట. మీ చీటీలో ఉన్నవి నేను అడుగుతుంటే ఒక్కొక్కటే ఫోన్లో చదివి చెప్పింది, నేను ఇక్కడ దించుకున్నాను. అన్నీ పలికాయి. రెండో అచ్చు అమ్మాయి చూడకుండా వెయ్యను. ఫారం పంపాలో వద్దో చెప్పే మొహం నాకు లేదు. నిజం ఏదైనా ఉంటే పంపమన్నారు, పంపాను.

ఇట్లు,
తలదించుకున్న మీ బావమరిది

తా.క. నూటనలభయ్యో పేజీలో బావగారు మీరే. పుస్తకం మొత్తంలో మొదటిసారికే సరిగ్గా పనిచేసిన పేజీ అదొక్కటేనని భవిత చెప్పింది.

---

బిలాస్‌పూర్,
జూలై 1

చిరంజీవి విశ్వనాథానికి బావ సూర్యం దీవించి రాసేది. పోయిన ఉత్తరంలో ఎగ్గొట్టిన దీవెనలు కూడా ఇందులోనే కలుపుకో.

నీ ఉత్తరం డిపోలో అందింది. మా సిక్ లైన్ తెలుసు కదా, చెడిపోయిన పెట్టెల్ని విడిగా నిలబెట్టే పట్టా. అక్కడే ఒక మెట్టు మీద కూచుని రెండుసార్లు చదివాను. నేను పని నేర్చుకున్నది కూడా ఆ పట్టా మీదే. బాగా నడిచే పెట్టె మనకేటి నేర్పుతాది? ఎక్కించుకుని పోతాది, అంతే.

ఇంటికొచ్చి, అమ్మాయికి తెలుగు చదవడం రాదు కాబట్టి, నీ ఉత్తరం నేనే పైకి చదివి వినిపించాను. మీ అక్క గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది. ముప్పై ఏడు అన్న చోట అమ్మాయి ఆపీసింది. "ముప్పై ఎనిమిది నాన్నా. రెండు పేజీలు అతుక్కుపోయాయి, నువ్వు చూడలేదు" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నా తనిఖీలో తప్పు పట్టినోళ్లు లేరు. కోపం వస్తాదనుకున్నాను. రాలేదు.

అప్పుడు అడిగాను, "నిజం చెప్పు, ఈ మూడింట్లో ఏది పనికొచ్చింది?" అని. "ఇంగ్లీషుదాంట్లో అన్నీ కరెక్టే, అందుకే నిద్రొచ్చేది. హిందీది చెప్పినట్టు చేస్తే అప్పటి కంప్యూటర్‌కి చెల్లుతాది, ఇప్పటిదానికి కాదు. మావయ్యది ముప్పై ఎనిమిది చోట్ల ఆగిపోయింది. ఎందుకాగిందో చూడ్డానికి ముప్పై ఎనిమిది సార్లు లోపలికి దూరాను. వహీ సీఖా నాన్నా, నేను నేర్చుకున్నది అదే" అంది.

నీ పుస్తకం తెమ్మని, మొదటి పేజీ మీద డిపోలో రాసినట్టే రాశాను: "తనిఖీ చేయడమైనది. ముప్పై ఎనిమిది లోపములు కలవు. నేర్చుకొనుటకు ఫిట్." కింద సంతకం పెట్టాను. నా సంతకం ఒక్కటే ఉంటే చెల్లదని, పక్కన అమ్మాయిని కూడా పెట్టమన్నాను. ఈసారి "నీ ఇష్టం" అనలేదు. ముందు చదివి వినిపించమంది, తరవాత పెట్టింది.

ఇట్లు,
మీ బావ సూర్యం

తా.క. ఫారం గడువు నిన్నటితో అయిపోయింది. జేబులోనే ఉండిపోయింది. మరిచిపోయానని మీ అక్కకి చెప్పాను. మరిచిపోయేవాణ్ణి కాదని నీకు తెలుసు. తెలిసినట్టు ఎక్కడా అనకు.