బల్ల దగ్గర అడిగిన పేరు

ఏలూరు, 1955 ఆగస్టు, శనివారం రాత్రి

సేవా సంఘాల కమిటీ మెంబర్లకి ఇవాళ శిక్షణ క్లాసు పెట్టారు. గుమ్మంలో గుమాస్తా నా భర్త పేరడిగాడు. నోటితో చెప్పకుండా, అలవాటుగా కలం తీసుకుని రాసిచ్చాను. రాశాక పోయినేటి సంగతి గుర్తొచ్చింది.

పోయినేడు కొల్లేరు పొంగి లంక మునిగినప్పుడు, పాలపొడి పంచే బల్ల దగ్గర కూర్చున్నది నేనే. ఇంటి యజమాని పేరు చెబితేనే డబ్బా ఇవ్వాలని మా కమిటీ నిబంధన. చంకలో పసిపిల్లతో ఒక చేపలావిడ వచ్చింది. "మా ఆయన పేరు నా నోటితో ఎలా చెప్పనండీ?" అంది. "చెప్పేవాళ్లని తీసుకురా, పో" అని కసిరాను. మా ఆయన పేరు నేను మాత్రం ఏనాడైనా పలికానా? నాకు రాయడం వచ్చు, ఆవిడకి రాదు, అంతే తేడా. చెప్పేవాణ్ణి వెతికి తెచ్చేసరికి మేం బల్ల ఎత్తేశాం. మూడోనాడు ఆ పిల్ల పోయింది.

క్లాసులో మేష్టారు మా పొరపాట్లు ఒకరికొకరు చెప్పుకోమన్నారు. అలా చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందట! అందరూ తమ గొప్పలే చెప్పుకున్నారు. నేను ఇది చెప్పేశాను. "నిబంధన కదండీ, మీ తప్పేముంది?" అని నలుగురూ ఓదార్చారు. ఆ ఓదార్పుకి ఒళ్లు మండిపోయింది.

తాడేపల్లిగూడెంలో అనాథాశ్రమం నడిపే సుందరమ్మగారు మాత్రం ఓదార్చలేదు. "ఆవిడ పేరేమిటండీ?" అని మెల్లిగా అడిగారు.

ఆవిడ పేరు నేను అడగనే లేదు.