గాలికి ఊగిన నాపబండ

తాండూరు, 1962 జనవరి, మంగళవారం రాత్రి

ఛీ! స్టూడియో నుంచి తెచ్చిన ఫోటోల్లో, ఒక్కటి తప్ప, ఆకాశంలోని చుక్కలన్నీ వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

మొన్న రాత్రి మిద్దె మీద చుక్కల్ని ఫోటో తీసేటప్పుడు, గాలికి కెమెరా కదలకూడదని స్టాండుకు నాపబండ వేలాడదీశాను. ఆ వెడల్పాటి బండే గాలికి ఊగి కెమెరానూ ఊపింది.

"గా బండనే ఊగుతున్నది, జర కింద ఆనియ్యుండ్రి" అని నా భార్య సుగుణ అంటే, "నీకేం తెలుసు" అని కసిరాను. ఆమె తాను కూర్చున్న పీట తీసి బండ కింద పెట్టి, చల్లటి నేల మీద కూర్చుంది. ఆ తర్వాత తీసిన చివరి ఫోటో ఒక్కటే కుదిరింది.

"మస్తు దించిన్రు సార్, గాలికెట్ల ఆపిన్రు?" అన్నాడు ఇవాళ స్టూడియో అతను, దాన్ని చూసి.

"అనుభవం" అన్నాను, సిగ్గులేకుండా.

ఇంటికొచ్చి ఆ ఒక్కటీ దాచేసి, చెడిపోయినవే సుగుణకు చూపించాను.

"పోనియ్యుండ్రి, గాలి మస్తుండె గద" అని నన్నే ఓదార్చింది.