కళ్ళు చెక్కని లక్ష్మి

పుంగనూరు,
6-5-2006

ప్రియమైన తమ్ముడు మునిరాజకు,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కుప్పం బస్సులో వేసిన గజలక్ష్మి టేకు పలక అందింది. చౌడేపల్లె సరోజమ్మగారి కొత్త ఇంటి వాకిలి పైన పెట్టాల్సిన పలక అది. పనుల ఒత్తిడిలో నీకు అప్పగించడం నా బుద్ధి తక్కువ. లక్ష్మికి కళ్ళు కూడా చెక్కి పంపిస్తావా? చెక్కినవాడు ఉపవాసం ఉండి, ఇంటివాళ్ళ ఎదుట, ఆఖరున తెరవాల్సిన కళ్ళవి. "ఇంగ నేను సూసేదానికి ఏముండాదప్పా? అంగట్లో బొమ్మ కొన్నట్టుండాది" అని ఆమె నా మొహమ్మీదే అనేసి, పలక వద్దంది. జూన్ తొమ్మిదిన గృహప్రవేశం. నా ముప్పై ఏళ్ళ పేరు నీ చెక్కుడు మిషన్ ఒక్క పూటలో గంగలో కలిపింది.

ఒళ్ళు మండుతున్న నీ అన్న,
పాపయ్య

కుప్పం,
11-5-2006

ప్రియమైన అన్నకు,

తిట్లు భద్రంగా అందాయి. నేను టీవీలు బాగుచేసుకునేవాణ్ణి. సరదాకి చెక్కుడు మిషన్ ఒకటి కట్టుకున్నాను. పని ఇవ్వమని నిన్ను అడగలేదు. పాత సాఫ్ట్‌వేర్‌తో పేర్లు, పువ్వులు తప్ప ఏమీ రావు. చెంపకు గుండ్రం తేవాలంటే కొత్తది నేర్చుకోవాలి. అందుకని ఎనిమిది ఆదివారాలు మదనపల్లె వెళ్ళాను. బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగేది. ఒక్కసారీ దిగలేదు, దిగబుద్ధి కాలేదు. ఇక్కడ ఒక ఇంటి వాకిలికి నువ్వు ఎప్పుడో చెక్కిన లక్ష్మినే ఫొటో తీసి, దాని మీదే గీతలన్నీ గీశాను. సాఫ్ట్‌వేర్‌కి ముక్కూ కన్నూ ఒకటే. ఇక ఆచారం అంటావా, కళ్ళు తెరిచేటప్పుడు నన్ను ఎప్పుడైనా దగ్గర ఉండనిచ్చావా? చిన్న ఉలి పట్టుకుంటే "నీ చేతికి రాదు, పోరా" అని లాక్కున్నావు.

నీ దగ్గర ఏమీ నేర్చుకోని తమ్ముడు,
మునిరాజ

పుంగనూరు,
15-5-2006

ప్రియమైన మునిరాజకు,

ఏడుపు చాలించు. "అంత దూరం పొయ్యి నేర్చుకున్నాడే, యాల తిడతాండావు?" అని మీ వదిన సిద్దమ్మ నీ తరఫున వకాల్తా పుచ్చుకుంది. నాకు ఆ జాలి లేదు. ఇంకో పలక చెక్కు. కళ్ళు వదిలెయ్. అవి నేను చూసుకుంటాను.

పాపయ్య

కుప్పం,
26-5-2006

ప్రియమైన అన్నకు,

పలక పంపాను. కళ్ళు వదిలెయ్ అని ఒక్క మాటలో రాశావు. కళ్ళు తీసేస్తే చెంపలు కూడా గుంట పడిపోయాయి. రెండు టేకు చెక్కలు పొయ్యిలోకి వెళ్ళాక దారి దొరికింది. కళ్ళను వేరే ఫైల్లో పెట్టి, ఆ చోట చెక్కను ఉబ్బెత్తుగా ఉంచాను. ఇక నీ ఉపవాసం, నీ ఉలి, నీ పేరు.

మునిరాజ

పుంగనూరు,
30-5-2006

ప్రియమైన తమ్ముడికి,

పలక బాగుంది. మీ వదినకు కూడా చెప్పని మాట రాస్తున్నాను. శివరాత్రి నుంచి నా కుడిచెయ్యి వణుకుతోంది. పనుల ఒత్తిడి అన్నది అబద్ధం. కళ్ళ వరకైనా నా వల్ల అవుతుందనుకున్నాను. నిన్న పనికిరాని చెక్క మీద ఒక కన్ను చెక్కి చూశాను. ఉలి చెంప దాకా జారింది. సరోజమ్మగారు కొత్త పలక కోసం రోజూ మనిషిని పంపుతోంది. నువ్వొచ్చి తెరువు. చిన్న ఉలి పదును పెట్టి ఉంచాను. బతిమాలుతున్నానని మాత్రం అనుకోకు.

పాపయ్య

కుప్పం,
3-6-2006

ప్రియమైన అన్నకు,

నేను రాను. నీ దగ్గర ఉన్న పన్నెండేళ్ళూ ముట్టుకోనివ్వని ఉలి ఆరు రోజుల్లో నా చేతికి ఎలా వస్తుంది? నువ్వు నేర్పలేదు, నాకు రాదు. నీకు నొప్పి పుట్టాలనే ఈ మాట రాస్తున్నాను.

ఎనిమిదో తేదీ పొద్దున పలక తీసుకుని, సరోజమ్మగారిని వెంటబెట్టుకుని కుప్పం రా. ఏమీ తినకుండా రా. మిషన్ మీద పలక బిగించిన గుర్తులు చెరపలేదు, మళ్ళీ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. నా ఫైల్లో ఉన్నవి నువ్వు చెక్కిన కళ్ళే, వెంట్రుకవాసి కూడా మార్చలేదు. ఆమె ఎదుట మిషన్ బటన్ నువ్వే నొక్కాలి. దానికి చెయ్యి వణికినా ఫరవాలేదు.

కోపం ఇంకా తగ్గని నీ తమ్ముడు,
మునిరాజ