కుడివైపు సీటు

బర్బసేనా,
అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం

నా బంగారు తల్లి నేయాకి,

అమ్మ దీవెనలు. దేవుడు నిన్నూ, నీ చేతి మందుతో కోలుకుంటున్న ఆ ఏటి ఒడ్డు జనాన్నీ చల్లగా చూడాలి. ఇక్కడ మేమంతా క్షేమమే. ఈ మాట ఎప్పుడూ రాసేదే కాబట్టి రాశాను, ఇందులో ఎంత నిజముందో కింద చెబుతాను. కవర్లో ఫ్లానెల్ గుడ్డలో చుట్టి పెట్టినదాన్ని మాత్రం ఇప్పుడే విప్పకు. ఉత్తరమంతా చదివాక విప్పు. నీ తొందర నాకు తెలియనిదా, అందుకే దారంతో గట్టిగా కుట్టేశాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. చీజ్ అందిందన్నావు, సంతోషం. దారిలో చెమట పట్టి ఉంటుంది, ఉప్పునీళ్ళతో తుడిచి గాలికి పెట్టు, పారేయకు. అమ్మమ్మ లేసు ముసుగు బయటికి తీశాను. ఒక మూల పురుగు కొట్టేసింది. ఆ మూల వెనక్కి పోయేలా కుడతాను, ఎవరికీ కనబడదు. జురందీర్‌కి పందిమాంసం పడదని రాశావు. మన మినాస్ వైపు పిల్లని చేసుకుంటూ పందిమాంసం పడకపోవడమేమిటే! సరేలే, అతనికి కోడి వండుతాం. కాబోయే అల్లుణ్ణి పస్తు పెడతామా?

ఆరోగ్య కేంద్రం జీపు నువ్వే నడుపుకుంటూ బురదదారుల్లో తిరుగుతున్నానని రాసిన పేజీ మీ నాన్న చొక్కా జేబులోనే ఉంది. బేకరీలో చదివి వినిపించాడు, మంగలి దగ్గర చదివి వినిపించాడు. "ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడి కూతురు మరి!" అంటాడు. ఆ మాట అన్నాక పేజీ మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు.

ఇక బండి సంగతి. నువ్వు కిందటిసారి వచ్చినప్పటికి ఆ పూమా కారు సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టిన డొక్కు. ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. మీ నాన్న ఫైబర్ బాడీని రుద్దీ రుద్దీ ఆ దుమ్ము ఇల్లంతా నింపాడు. అది బట్టల్లోకి చేరితే ఎంత దురదో నీకేం తెలుసు! ఒకసారి ఆయన చొక్కాలతో కలిపి నా లోబట్టలు ఉతికాను. ఆ ఆదివారం పూజలో నేను మెలికలు తిరుగుతుంటే ఫాదర్ ప్రసంగం ఆపి మరీ చూశాడు. అన్నంలో రంగు వాసన, కాఫీలో రంగు వాసన. నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన వింటేగా. ఆఖరికి మామిడిపండు పసుపు వేశాడు. ఒప్పుకోవాలి, చూడముచ్చటగా ఉంది.

లోపల రెండే సీట్లు. ఎడమవైపు, స్టీరింగ్ ముందున్న నల్లది ఆయనది. కుడివైపుది నీది. పెళ్ళిగౌను మాసిపోకుండా దానికి తెల్లతోలు వేశాడు. నా మిషను మీద తనే కుట్టాడు, నా సూదులన్నీ విరగ్గొట్టి. రొజారియో చర్చి మెట్ల దగ్గర నిన్ను తన చేత్తో దింపాలని ఆయన కోరిక. నీకూ అదే కోరికని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. అది చదివినప్పుడల్లా నా గుండెల్లో రాయి పడుతుంది.

బండి స్టార్టయిందా అని అడిగావు. అయింది, ఆగస్టులో. ఎదురింటి నుంచి మీ దుర్వాల్ మావయ్య మూకుడు పట్టుకొచ్చి గరిటెతో వాయించాడు. వీధి వీధంతా వచ్చింది. మీ నాన్న ఏడ్చేశాడు. ఏమయ్యా అంటే పొగ అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకే ఆగింది, మళ్ళీ లేవలేదు. ఇక్కడే నీ అసలు ప్రశ్నకి వస్తున్నాను. పెళ్ళిలో నీ పక్కన సాక్షిగా దుర్వాల్ మావయ్య వద్దు, ఇంకెవరినైనా చూసుకో అని నాన్న ఎందుకు రాశాడని అడిగావు. నీకు జ్ఞానస్నానం చేయించిననాడు నిన్ను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రిని కాదనడమేమిటని కోప్పడ్డావు. కోపం వచ్చే మాటే.

బండి ఆపగానే వెనకున్న ఇంజను మూత ఎత్తి రోటర్ ఊడదీసి జేబులో వేసుకోవడం మీ నాన్న అలవాటు కదా. మన పాత ఫుస్కా కారు వీధిలో ఉండే రోజుల్లో దొంగల భయానికి అందరూ అదే చేసేవాళ్ళు. బొటనవేలంత ముక్క, అది లేకపోతే ఇంజను ఎంత తిప్పినా దగ్గుతుందే తప్ప లేవదు. ఇప్పుడు బండి తాళం వేసిన గ్యారేజీలోనే ఉన్నా ఆ అలవాటు పోలేదు. గోడ మీద అపరెసీదా మాత బొమ్మ ఉంది చూడు, దాని వెనక గూట్లో దాస్తాడు. ఆ చోటు దుర్వాల్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. సెప్టెంబరులో ఒక ఉదయం చూస్తే గూడు ఖాళీ.

అప్పుడు దుర్వాల్ ఎడమ తలుపు మోస్తూ నిలబడి ఉన్నాడు. అది బిగించాలంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరు బోల్టు వేయాలి.

"ఎక్కడ పెట్టావురా?" అన్నాడు మీ నాన్న.

"ఏది?"

"నాటకాలాడకు. రోటర్."

"నీ రోటర్ నాకెందుకురా? నంజుకు తింటానా?"

"నన్ను ఆపాలని నువ్వే తీశావు. నడపొద్దు నడపొద్దని ఇన్నాళ్ళూ అదేగా నీ గోల!"

"అవును, నడపొద్దన్నాను. నీ మొహం మీదే అన్నాను. దొంగతనం మాత్రం చెయ్యలేదు."

"చేశావు. దొంగవి నువ్వు. దిగు నా గుమ్మం!"

దుర్వాల్ తలుపుకి గీత పడకుండా కింద గోనెపట్టా పరిచి, మెల్లగా గోడకి ఆనించి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

కొత్త రోటర్ ఏ కొట్లోనైనా దొరుకుతుంది, పిల్లల మిఠాయి ఖరీదు. కొనడు! "వాడు తెచ్చి వాడి చేత్తో పెట్టాలి" అని పట్టు. తలుపు అలాగే గోడకుంది. నేను పట్టుకుంటానంటే "నీవల్ల కాదే, పో" అంటాడు. పొద్దున్నే వెళ్ళి తలుపులేని బండిలో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని, ఊరికే గేర్లు మారుస్తుంటాడు. ఈయనా, ఎదురింట్లో దుర్వాలూ ఒకే వేళకి పిట్టల పంజరాలు బయట తగిలించడానికి వస్తారు. పిట్టలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి, వీళ్ళు మొహాలు తిప్పుకుంటారు. మొన్న మాత్రం, వచ్చే నెల చచ్చినవాళ్ళ పండగ దాటాక ఇక తనే కొత్తది కొంటానన్నాడు. అందుకే ఈ ఉత్తరం ఇక ఆపలేకపోయాను.

ఇప్పుడు కూర్చుని చదువు తల్లీ.

నడుము నొప్పని నాన్న బస్సు మానేశాడని నీకు రాశాం. అది అబద్ధం. మీ నాన్నకి మూర్ఛ వస్తోంది. మొదటిసారి ఇంట్లోనే వచ్చింది, నీరసం అనుకున్నాం. రెండోసారి, దుర్వాల్ వాళ్ళ వ్యాను ఈయన నడుపుతుంటే వచ్చింది, సరిగ్గా రొజారియో చర్చి వాలులో. కళ్ళు తెరిచే ఉన్నాయట, మనిషి లేడట. పక్కనున్న దుర్వాల్ హ్యాండ్ బ్రేకు లాగి, బండిని గోడకి రాసి ఆపాడు. డాక్టరు మాత్రలిచ్చి, ఇక ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు.

నీకు చెప్పనని అపరెసీదా మాత మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "పిల్ల ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తుంది. పెళ్ళి కానీ. ఒక్క రోజు, ఒక్క వాలు. మాత్ర వేసుకునే నడుపుతానే" అన్నాడు. మీ నాన్న ఎవరినీ ఏదీ బతిమాలే మనిషి కాదు. అలా అడిగితే కరిగిపోయి ఒట్టు వేశాను. తర్వాత ఆ తెల్లసీటు కుట్టడం చూశాను. అదే వాలులో, ఆ సీట్లో నువ్వు, పక్కన కళ్ళు తెరుచుకుని ఉండీ లేని మీ నాన్న. అదే నా కళ్ళ ముందు ఆడింది.

రోటర్ తీసింది నేనే.

ఆ చోటు దుర్వాల్‌కి తప్ప ఎవరికీ తెలియదట! ఇన్నేళ్ళుగా ఆ మాత బొమ్మ దుమ్ము ఎవరు దులుపుతున్నారనుకున్నాడో మహానుభావుడు.

దుర్వాల్‌ని దొంగ అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. చెబితే నా దగ్గర లాక్కుని నడుపుతాడు. చెప్పకపోతే పాపం ఆ మంచివాడి మీద నింద. కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. కిందటివారం మొక్కజొన్న కేకు చేసి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను.

"అన్నయ్యా, నీతో ఒక మాట చెప్పాలి."

"రోటర్ సంగతేగా చెల్లెమ్మా?"

"నీకు తెలుసా?"

"వాడు నా మీద అరుస్తుంటే నీ మొహంలో నెత్తురు లేదు. ఆమాత్రం తెలియదా?"

"మరి ఎందుకు చెప్పలేదయ్యా? దొంగ అనిపించుకుని ఊరుకుంటావా?"

"చెబితే వాడు నడుపుతాడు. నన్ను తిడుతూనైనా బతికి ఉండనీ" అన్నాడు. కేకు ముక్క విరిచాడు, తినలేదు. "కానీ చెల్లెమ్మా, ఆ పిల్ల పెళ్ళికి నేను చర్చి గేటు బయట నిలబడాలా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఆ గుడ్డ విప్పు. అదే అది.

ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చాకే మీ నాన్నకి అంతా చెబుతాను. ముందు చెబితే అది నా చేతిలో ఉండదు. ఒట్టు తప్పినందుకు ఏమంటాడో, దుర్వాల్ గుమ్మం ఎలా ఎక్కుతాడో, నాతో మళ్ళీ ఎన్నాళ్ళకి మాట్లాడతాడో నాకు తెలియదు. భయంగానే ఉంది నేయా, దాచను. నువ్వు మాత్రం అందిన రోజే ఆయనకి రాయి. "నాన్నా, రోటర్ నా దగ్గరుంది, నేనే తెచ్చి నా చేత్తో పెడతాను, కొనకు" అని. నీ మాట మీద కొనడు. నా మాట అయితే గాలికి పోతుంది.

పెళ్ళినాటికి తలుపు దుర్వాల్ మావయ్య పట్టుకుంటాడు, బోల్టు నాన్న వేస్తాడు. ఆ బురదలో జీపు నడిపిన నీకు మన వాలు ఒక లెక్కా? మీ నాన్న పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి పక్కన ప్రయాణికుడిలా కూర్చోవడం నేను చూడలేదు, దుర్వాల్ తన వ్యానులో ఆయన్ని ఇంటికి తీసుకొచ్చిన ఆ ఒక్క రోజు తప్ప. నువ్వు అడిగితే కూర్చుంటాడేమో. నువ్వే అడగాలి.

తెల్లసీటు నీకోసం కుట్టాడు. అందులో ఆయన్ని కూర్చోబెట్టు. నల్లసీట్లో నీ గౌను మాసిపోతే మాసిపోనీ, నేను ఉతుకుతాను.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ అమ్మ,
ఒందీనా